వృద్ధుల పోషణ: షరీఅత్ చూపిన క్రమం, నేడు లభించు సహాయాలు

ప్రతి రమజాన్ నెలలోను మస్జిద్ ఇమాముల వద్దకు, ముఫ్తీల వద్దకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. "మా తల్లిగారు వృద్ధురాలు. ఆమెకు ఎట్టి ఆదాయమూ లేదు. నా జకాత్ సొమ్మును ఆమెకు ఇవ్వవచ్చునా?" అని అడుగుతారు. ఇవ్వరాదని ధర్మశాస్త్ర పండితులు సమాధానమిస్తారు. అడిగినవారికి ఈ సమాధానం ఆశ్చర్యం కలిగిస్తుంది. పేదలకు చెందవలసిన జకాత్ నిరుపేదరాలైన కన్నతల్లికి ఎందుకు చెందదని వారి సందేహం.

కారణం ఇది. తల్లి అవసరాలు తీర్చడం స్తోమత గల బిడ్డపై ముందే విధిగా ఉన్నది. ఆమె తిండి, బట్ట, నివాసం, మందులు అన్నీ అతని స్వంత సొమ్ములోనుంచి ఆమెకు రావలసిన హక్కు. ఆ హక్కును జకాత్ సొమ్ముతో తీర్చినవాడు తన బాకీని పేదల ధనంతో తీర్చుకొన్నవాడవుతాడు. అందువలన ధర్మశాస్త్రం ఆ దారిని మూసివేసింది.

ఈ చిన్న ఫత్వాలో వృద్ధుల విషయంలో ఇస్లాం ఏర్పరచిన వ్యవస్థ అంతా ఇమిడి ఉన్నది. వృద్ధుల పోషణ ఒక హక్కు. ఆ హక్కును తీర్చవలసినవారికి ఒక క్రమం ఉన్నది: ముందు సంతానం, పిదప రక్తబంధువులు, ఆ తరువాత సమాజం, ప్రభుత్వం. నేడు మన దేశంలో వృద్ధుల కొరకు పింఛన్లు, చట్టాలు, వైద్య పథకాలు, సేవాసంస్థలు ఎన్నో ఉన్నవి. అయితే వీటి విషయంలో మన సమాజంలో రెండు పొరపాట్లు కనిపిస్తున్నవి. ప్రభుత్వం పింఛను ఇస్తున్నది గనుక తమ బాధ్యత తీరినదని కొందరు బిడ్డలు తలుస్తారు. తమకు న్యాయంగా రావలసిన దానిని అడగడం బిచ్చమెత్తడంతో సమానమని కొందరు వృద్ధులు సిగ్గుపడి ఊరకుంటారు. మొదటిది బాధ్యతను ఎగవేయడం. రెండవది హక్కును వదులుకోవడం. ఈ రెండింటినీ తొలగించుకొనడానికి ముందుగా షరీఅత్ చూపిన క్రమాన్ని, తరువాత నేడు లభించు సహాయాలను పరిశీలించుదాము.

సంతానం, రక్తబంధువులు

దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా, తౌహీద్ ఆజ్ఞ వెంటనే తల్లిదండ్రుల పట్ల సత్ప్రవర్తనను ఆదేశించినది. వారు వార్ధక్యానికి చేరిన దశను ప్రత్యేకంగా పేర్కొని, విసుగును తెలిపే చిన్న మాటను సైతం నిషేధించినది. రూమ్ సూరా మానవుని బలహీన స్థితిలో పుట్టినవానిగా, పిదప బలవంతునిగా, ఆ తరువాత మరల బలహీనునిగా, నెరసిన తల గలవానిగా వర్ణించినది. ముదిమిలోని అశక్తత సృష్టికర్త నిర్ణయించిన దశ అన్నమాట. అందులో అవమానకరమైనదేదీ లేదు.

ఈ ఆదేశాలనుండి ధర్మశాస్త్ర పండితులు 'నఫఖా', అనగా పోషణభారం, గూర్చిన నియమాలను రూపొందించారు. హిజ్రీ 6వ శతాబ్దంలో ఇమామ్ మర్గీనానీ (రహ్మ) రచించిన 'హిదాయా' మన దేశపు మదరసాలలో నేటికీ పాఠ్యగ్రంథం. అందులో వివరించబడిన హనఫీ నియమాల సారాంశం ఇట్లున్నది. తల్లిదండ్రులు, తాత అవ్వలు బీదవారైనప్పుడు వారి పోషణ స్తోమత గల సంతానంపై విధి. వారు వేరే మతస్థులైనప్పటికీ ఈ విధి తొలగిపోదు. కుమారునిపైన, కుమార్తెపైన ఈ బాధ్యత సమానం. వారసత్వంలో కుమారునికి రెండు భాగాలు, కుమార్తెకు ఒక భాగం గదా అని ఇక్కడ లెక్క చూపరాదు. పెండ్లయి వెళ్ళిన కుమార్తె స్వంత ఆస్తిపరురాలైతే ఆమె కూడా బాధ్యురాలే.

సంతానం లేనివారి సంగతి ఏమి? ఖుర్ఆన్ బఖరా సూరాలో పాలిచ్చే తల్లుల పోషణను గూర్చి చెబుతూ, వారసునిపై కూడా అట్టి బాధ్యతే ఉన్నదని తెలిపినది. దీనిని ఆధారం చేసుకొని హనఫీ పండితులు ఒక సూత్రాన్ని స్థాపించారు. వివాహ సంబంధం నిషిద్ధమైన దగ్గరి రక్తబంధువు బీదయై, సంపాదించలేని స్థితిలో ఉంటే, స్తోమత గల బంధువులు తమకు రాగల వారసత్వ భాగాల నిష్పత్తిలో పోషణభారాన్ని పంచుకొనవలెను. పిల్లలు లేని మేనత్త, పెండ్లికాని పినతల్లి, ఒంటరివాడైన పినతండ్రి వీరెవరూ దిక్కులేనివారు కారు. వారు పోయిన నాడు ఆస్తిలో వాటా కోరడానికి వచ్చేవారు, వారు బ్రతికి ఉన్న నాడు అన్నం పెట్టడానికి కూడా రావలెను.

ఇక్కడనే జకాత్ నియమంలోని రెండవ భాగాన్ని కూడా తెలుసుకొనుట అవసరం. తల్లిదండ్రులకు, తాత అవ్వలకు, తన సంతానానికి, జీవిత భాగస్వామికి జకాత్ చెల్లదు. కాని బీదవారైన అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, మేనత్తలకు, మేనమామలకు, పినతండ్రులకు, పినతల్లులకు జకాత్ ఇవ్వవచ్చును. అట్లు ఇచ్చినవారికి దానపుణ్యంతోపాటు బంధుత్వాన్ని నిలుపుకొన్న పుణ్యం కూడా లభిస్తుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఎక్కడో ఉన్న సంస్థకు జకాత్ పంపి, అదే వీధిలో ఉన్న వృద్ధురాలైన మేనత్తను మరచిపోయేవారు ఈ విషయం గమనించవలెను.

సమాజం, ప్రభుత్వం

బంధువులకు స్తోమత లేనప్పుడు భారం బైతుల్ మాల్‌పై పడుతుంది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తమ 'కితాబుల్ ఖరాజ్'లో రెండు సంఘటనలను పేర్కొన్నారు. హిజ్రీ 12వ సంవత్సరంలో హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) హీరా పట్టణపు క్రైస్తవులతో ఒడంబడిక చేసుకొన్నారు. వారిలో ముదిమివలన పనిచేయలేని స్థితికి చేరినవారిని జిజియానుండి తప్పించి, వారినీ వారి కుటుంబాన్నీ బైతుల్ మాల్‌నుండి పోషించునట్లు అందులో వ్రాయబడినది. రెండవది హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలం నాటిది. చూపుపోయిన ఒక ముసలి యూదుడు ఇంటింటా యాచించడం ఖలీఫా చూచారు. పన్ను, పేదరికం, వయోభారం తనను యాచకునిగా మార్చినవని అతడు చెప్పుకొన్నాడు. ఖలీఫా అతనిని తమ ఇంటికి తీసుకొనిపోయి ఉన్నది ఇచ్చి, అతనికి, అతని వంటివారికి బైతుల్ మాల్‌నుండి భృతి ఏర్పాటు చేయించారు. వయసులో ఉండగా అతనివలన లాభం పొంది, ముసలితనంలో వదలివేయడం న్యాయం కాదని వారి అభిప్రాయం.

ఈ సంప్రదాయం తరువాతి కాలాలలో కూడా కొనసాగినది. ఉస్మానీ సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ కాలంలో, 1896లో, ఇస్తాంబుల్ నగరంలో 'దారుల్ అజెజె' అను అశక్తుల గృహం ప్రారంభమైనది. మతభేదం లేకుండా నిరాశ్రయులను చేర్చుకొన్న ఆ ఆవరణలో మస్జిద్, చర్చి, యూదుల ప్రార్థనాలయం మూడూ నిర్మించబడినవి. ఆ సంస్థ నేటికీ పనిచేస్తున్నది.

కనుక ప్రభుత్వ ధనంలో అశక్తులైన వృద్ధులకు వాటా ఉన్నదనే భావన ముస్లింలకు కొత్తది కాదు. భారత రాజ్యాంగం 41వ అధికరణం కూడా వార్ధక్యంలో ప్రజాసహాయం పొందే హక్కును కల్పించడానికి తన శక్తిమేరకు ఏర్పాట్లు చేయవలసినదిగా ప్రభుత్వాన్ని నిర్దేశించినది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏండ్లు పైబడినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. వారికొరకు ఏర్పడిన సహాయాలను ఒక్కొక్కటిగా చూద్దాము.

పింఛన్లు

కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకాన్ని నెలకు 75 రూపాయలతో ప్రారంభించినది. 2007లో దీనికి ఇందిరాగాంధీ పేరు పెట్టబడినది. 2011లో అర్హత వయసు 65నుండి 60కి తగ్గించబడినది. కేంద్రం వాటాగా 79 ఏండ్ల వరకు 200 రూపాయలు, 80 ఏండ్లు నిండినవారికి 500 రూపాయలు నిర్ణయించబడినవి. రాష్ట్రాలు తమ నిధులను కలిపి దీనికంటె ఎక్కువ మొత్తాలు ఇస్తున్నవి.

తెలంగాణలో 2014 నవంబరులో 'ఆసరా' పింఛన్లు మొదలైనవి. వృద్ధుల పింఛను ముందు 1,000 రూపాయలు ఉండగా 2019లో 2,016 రూపాయలకు పెరిగినది. 2022లో అర్హత వయసు 57 ఏండ్లకు తగ్గించబడినది. వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైనది. వితంతువులకు, ఒంటరి స్త్రీలకు, బీడీ కార్మికులకు వేరు వేరు విభాగాలు కలవు. నిజామాబాదు ప్రాంతంలో జీవితమంతా బీడీలు చుట్టిన మన స్త్రీలు ఈ విషయం తెలుసుకొని ఉండవలెను.

ఆంధ్రప్రదేశ్‌లో అర్హత వయసు 60 ఏండ్లు. 'ఎన్టీఆర్ భరోసా' పథకం క్రింద 2024 జూలైనుండి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు చెల్లించడం మొదలైనది. వికలాంగులకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచం పట్టినవారికి 15,000 రూపాయలు నిర్ణయించబడినవి. గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటివద్దకే వచ్చి సొమ్ము అందజేస్తారు. రెండు రాష్ట్రాలలోను ఆస్తికి, ఆదాయానికి సంబంధించిన షరతులు కలవు. షరతులు, మొత్తాలు మారుతూ ఉంటవి గనుక తెలంగాణలో మండల పరిషత్ లేదా పురపాలక కార్యాలయంలోను, ఆంధ్రలో సచివాలయంలోను విచారించుకొనవలెను.

ఇందులో ధర్మానికి సంబంధించిన ఒక హెచ్చరిక కూడా ఉన్నది. అవసరం లేకుండా చేయి చాచడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు. వయసు ఎక్కువ వేయించుకొని, ఆస్తిని దాచిపెట్టి పింఛను పొందడం మోసం. అది మరొక అర్హుని హక్కును కాజేయడం. అర్హత ఉన్నవారు మాత్రం సంకోచించవలసిన పని లేదు. ఇంకొక మాట. తల్లికి పింఛను వస్తున్నది గదా అని ఆమె ఖర్చు తగ్గించే బిడ్డ, ఆ పింఛనును తానే తీసుకొన్నవాడవుతాడు. ఆ సొమ్ము ఆమెది. దానిని ఆమె చేతిలోనే ఉంచవలెను.

పోషణ చట్టం

బిడ్డలు బాధ్యతను విస్మరించినప్పుడు ఏమి చేయవలెను? మొదట కుటుంబ పెద్దలు, ఇమాములు నచ్చజెప్పడం మన పద్ధతి. అది ఫలించకపోతే న్యాయాన్ని ఆశ్రయించడంలో దోషం లేదు. 2007లో పార్లమెంటు 'తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని' చేసినది. ఇది అన్ని మతాలవారికి వర్తిస్తుంది. దీని ముఖ్యాంశాలు ఇవి.

కన్న తల్లిదండ్రులు, సవతి తల్లిదండ్రులు, దత్తత తీసుకొన్నవారు తమను తాము పోషించుకొనలేనప్పుడు, వయస్సుతో నిమిత్తం లేకుండా, సంతానంనుండి పోషణ కోరవచ్చును. మేజర్లయిన కుమారులు, కుమార్తెలు, మనుమలు, మనుమరాండ్రు అందరూ సంతానమే. పిల్లలు లేని, 60 ఏండ్లు నిండిన వ్యక్తి తన ఆస్తిని అనుభవిస్తున్న లేదా దానికి వారసుడు కాగల బంధువునుండి పోషణ కోరవచ్చును. అట్టి బంధువులు ఒకరికంటె ఎక్కువమంది ఉంటే తమ వారసత్వ వాటాల నిష్పత్తిలో చెల్లించవలెనని 4వ సెక్షన్ చెబుతున్నది. పైన పేర్కొన్న హనఫీ సూత్రంతో దీనిని పోల్చి చూడండి. ఈ అంశంలో రెండూ ఒకే మాట చెబుతున్నవి. అయితే చట్టం ఆస్తి ఉన్న వృద్ధుని బంధువులనే అడుగుతుంది. ఆస్తి లేని వృద్ధుని రక్తబంధువులను కూడా షరీఅత్ విడిచిపెట్టదు.

దరఖాస్తును ట్రిబ్యునల్‌కు ఇచ్చుకొనవలెను. మన రెండు రాష్ట్రాలలో రెవెన్యూ డివిజనల్ అధికారి దీనికి అధ్యక్షుడు. వృద్ధుడు తాను నివసించే చోటగాని, బిడ్డలు నివసించే చోటగాని దరఖాస్తు పెట్టవచ్చును. నడవలేనివారి తరఫున మరొక వ్యక్తి లేదా రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ పెట్టవచ్చును. విచారణకు ముందు రాజీకి ప్రయత్నం చేయించే ఏర్పాటు కూడా ఉన్నది. నోటీసు అందిన 90 రోజులలో నిర్ణయం జరుగవలెను. అసాధారణ పరిస్థితులలో మరి 30 రోజులు పొడిగించవచ్చును. నెలకు 10,000 రూపాయలకు మించకుండా రాష్ట్రం నిర్ణయించిన పరిమితిలో పోషణ మంజూరు చేస్తారు. ఆజ్ఞను పాటించనివారిని నెల రోజుల వరకు జైలులో ఉంచవచ్చును. నిర్ణయం నచ్చని తల్లిదండ్రులు 60 రోజులలో అప్పీలు చేసుకొనవచ్చును. వృద్ధులను ఎక్కడనైనా విడిచిపెట్టి పోవడం నేరం. దానికి 3 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించబడును.

ఇది గాక, పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ క్రింద తల్లిదండ్రులకు ఉన్న పోషణ హక్కు, 2024 జూలై 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. పెండ్లయిన కుమార్తె కూడా ఈ బాధ్యతకు లోబడినదేనని సుప్రీంకోర్టు 1987లోనే తీర్పు చెప్పినది. ఈ రెండు మార్గాలలో ఏదో ఒకదానినే ఎన్నుకొనవలెను. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ వార్ధక్యంలో నిరాధారురాలైతే, 1986 చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆమె వారసులు కాగల బంధువులను, వారికి స్తోమత లేనప్పుడు రాష్ట్ర వక్ఫ్ బోర్డును పోషణ చెల్లించవలసినదిగా మేజిస్ట్రేటు ఆదేశించవచ్చును. ఈ సంగతి తెలియనివారు మనలో చాలామంది ఉన్నారు. ఉచిత న్యాయసహాయం కొరకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చును. దాని ఫోను నంబరు 15100.

ఇంటిని వ్రాసి ఇచ్చే ముందు

వృద్ధులకు కలిగే కష్టాలలో పెద్దది బ్రతికి ఉండగానే ఇంటిని బిడ్డ పేరున వ్రాసి ఇవ్వడంతో మొదలవుతుంది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి కుమారునికి దానంగా ఇచ్చి స్వాధీనపరచిన ఆస్తిని తిరిగి తీసుకొనడానికి వీలులేదు. షాఫియీ పండితులు మాత్రం తండ్రికి ఆ అవకాశం ఇచ్చారు. సంతానంలో ఒకరికి ఇచ్చి మిగిలినవారిని వదలివేయడాన్ని దైవప్రవక్త (స) సమ్మతించలేదు.

2007 చట్టం 23వ సెక్షన్ ఇక్కడ కొంత రక్షణ కల్పించినది. తనను చూచుకొనవలెనన్న షరతుపై ఆస్తి ఇచ్చిన వృద్ధుని, తీసుకొన్నవారు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. అయితే షరతు ఉన్నట్లు నిరూపించబడవలెనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తీర్పు చెప్పినది. ఈ చట్టం వృద్ధుల రక్షణకొరకు ఏర్పడినది గనుక దానిని ఉదారంగా అన్వయించవలెనని, ఇంటిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నదని 2025 జనవరిలో మరొక తీర్పు వచ్చినది. మనలో నోటిమాటతో చేసే హిబా కూడా చెల్లుతుంది. కాని నోటిమాటలో షరతు ఉన్నదని రుజువు చేయడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు.

కాబట్టి వృద్ధులకు మా సలహా ఇది. వారసత్వ భాగాలను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. మరణానంతరం అవి వాటంతట అవే అమలులోకి వస్తవి. బ్రతికి ఉండగా ఇంటిని మీ పేరుననే ఉంచుకొనండి. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే ముఫ్తీనీ, న్యాయవాదినీ ఇద్దరినీ సంప్రదించి, షరతును కాగితంపై వ్రాయించుకొనండి.

వైద్యం, ఉపకరణాలు, ఫోను సహాయం

70 ఏండ్లు నిండిన ప్రతివారికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కల్పించే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకంలో ప్రారంభించినది. ఆధార్ చూపి 'వయ వందన' కార్డు పొందవలెను. ఇది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చులకు మాత్రమే. బి.పి., మధుమేహం వంటి వాటికి రోజూ వాడే మందుల కొరకు ప్రభుత్వ ఆసుపత్రులను ఆశ్రయించవలెను. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం క్రింద జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక విభాగాలు ఏర్పాటవుతున్నవి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది.

కళ్ళద్దాలు, వినికిడి యంత్రం, చేతికర్ర, చక్రాల కుర్చీ, కట్టుడు పళ్ళు వంటివాటిని పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే 'రాష్ట్రీయ వయోశ్రీ యోజన' 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమైనది. శిబిరాలు నిర్వహించి, పరీక్షించి, వీటిని పంచుతారు.

ఇంట్లో వేధింపు జరిగినా, పింఛను ఆగిపోయినా, రోడ్డుపై దిక్కులేని వృద్ధులు కనిపించినా 14567 నంబరుకు ఫోను చేయవచ్చును. 'ఎల్డర్ లైన్' అను ఈ ఉచిత సేవను టాటా ట్రస్టులు విజయవాహిని ఫౌండేషన్ ద్వారా 2017లో హైదరాబాదులో ప్రారంభించగా, 2021 అక్టోబరు 1నుండి అది దేశమంతటా విస్తరించినది. ఉదయం 8నుండి రాత్రి 8 గంటల వరకు పనిచేస్తుంది. ఇంకను 1978లో స్థాపించబడిన హెల్పేజ్ ఇండియా సంచార వైద్య వాహనాలు నడపడం, కంటి శుక్లాల శస్త్రచికిత్సలకు తోడ్పడడం వంటి సేవలు చేస్తున్నది.

వృద్ధాశ్రమాల సంగతి

పోషణ చట్టం ప్రతి జిల్లాలోను దశలవారీగా కనీసం ఒక వృద్ధాశ్రమం, 150మంది నిరుపేద వృద్ధులకు చాలునట్లుగా, నెలకొల్పవలెనని చెబుతున్నది. స్వచ్ఛంద సంస్థల ఆశ్రమాలకు కేంద్రం 1992నుండి సహాయనిధులు ఇస్తున్నది.

తల్లిదండ్రులను వృద్ధాశ్రమంలో చేర్చవచ్చునా అని అడుగుతుంటారు. దిక్కులేనివారికి అది ఆశ్రయం. అటువంటి గృహాలను స్థాపించడం, పోషించడం పుణ్యకార్యం. కాని స్తోమత ఉండి, వసతి ఉండి, కేవలం ఇబ్బందిగా భావించి తల్లిదండ్రులను అక్కడ వదలివచ్చినవాడు నెలనెలా రుసుము కట్టినంత మాత్రాన బాధ్యతనుండి విముక్తుడు కాడు. పోషణలో డబ్బు ఒక భాగం. పలకరింపు, సేవ, ప్రక్కన కూర్చొనుట మరొక భాగం. గల్ఫ్ దేశాలలో, అమెరికాలో ఉంటున్న బిడ్డలకు ఈ రెండవ భాగం కష్టమైన మాట నిజమే. వారు కనీసం నమ్మకమైన బంధువును బాధ్యునిగా నియమించి, ప్రతిరోజూ ఫోనులో మాట్లాడి, వైద్యం విషయం స్వయంగా విచారించుకొనవలెను.

మస్జిద్ చేయదగిన పని

పథకాలు ఉన్నా వృద్ధులకు అందకపోవడానికి ప్రధాన కారణం కాగితాలు. ఒకే వృద్ధురాలి పేరు రేషను కార్డులో మహబూబ్ బీ అని, ఆధార్‌లో మహబూబీ అని, బ్యాంకు పుస్తకంలో షేక్ మహబూబ్ బేగం అని ఉంటుంది. పుట్టిన తేదీ ఎవరో ఉజ్జాయింపుగా వ్రాసినది. పనిచేసి పనిచేసి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించదు. కనుపాప ద్వారా ధ్రువీకరించే వీలున్నదని ఆమెకు చెప్పేవారు లేరు. రెండుసార్లు తిరిగి, మూడవసారి ఆమె మానివేస్తుంది.

ఈ పనిలో మస్జిద్ కమిటీలు ఎంతో చేయగలవు. దీనికి పెద్ద నిధులు అవసరం లేదు. మొహల్లాలోని 60 ఏండ్లు దాటినవారి పేర్లు ఒక పుస్తకంలో వ్రాసుకొనవలెను. ఎవరికి పింఛను వస్తున్నది, ఎవరికి రావడం లేదు, ఎవరు ఒంటరిగా ఉన్నారు అనే వివరాలు అందులో ఉండవలెను. చదువుకొన్న యువకులు ఇద్దరు జుమా నమాజు తరువాత గంటసేపు కూర్చొని కాగితాలలోని పేర్లు, తేదీలు సరిచూచి, దరఖాస్తులు నింపిపెట్టవలెను. స్త్రీల ఇండ్లకు స్త్రీలే వెళ్ళి విచారించడం మేలు. అర్హత లేక పింఛను రానివారికి, బంధువుల ఆసరా కూడా లేనివారికి, బైతుల్ మాల్‌నుండి నెలనెలా ఇంత అని నిర్ణయించి ఇవ్వవలెను. రమజాన్‌లో ఒక్కసారి ఇచ్చే మూటకంటె పన్నెండు నెలలు అందే మందుల ఖర్చు వృద్ధునికి ఎక్కువ మేలు చేస్తుంది. పొరుగువాని హక్కు మతాన్నిబట్టి మారదు గనుక ఆ పుస్తకంలో వీధిలోని ముస్లిమేతర వృద్ధుల పేర్లు కూడా ఉండవలెను.

మస్జిద్ లోపల కూడా వారిని తలచుకొనవలెను. వెనుక వృద్ధులు, వ్యాధిగ్రస్తులు ఉంటారు గనుక నమాజును తేలికగా చేయించవలసినదిగా దైవప్రవక్త (స) ఇమాములను ఆదేశించారు. వజూ చేసేచోట జారిపడకుండా పట్టుకొనే కమ్మీ, మెట్ల ప్రక్కన వాలుదారి, కూర్చొని నమాజు చేసుకొనడానికి కుర్చీలు ఏర్పాటు చేయడం ఆ ఆదేశాన్ని అనుసరించడమే.

మొదట చెప్పిన ప్రశ్నను మరల గుర్తుచేసుకొందాము. "మా తల్లికి జకాత్ ఇవ్వవచ్చునా?" అని అడిగిన సోదరునికి ఇవ్వరాదని చెప్పి పంపితే సరిపోదు. ఆమె ఖర్చు నీ సంపాదనలోనుంచి రావలెనని చెప్పవలెను. ఆమెకు అర్హత ఉన్న పింఛనుకు దరఖాస్తు పెట్టించి, ఆ సొమ్ము ఆమె చేతికే అందేలా చూడమని చెప్పవలెను. వైద్యపు కార్డు తీయించమని చెప్పవలెను. ఇక నీ జకాత్ విషయమంటావా, మీ వంశంలోనే పిల్లలు లేని మేనత్తగాని, ఒంటరి పినతండ్రిగాని ఉన్నారేమో విచారించమని చెప్పవలెను.